ఫ్రెడ్డీ పోయి ముప్పై ఏళ్లు దాటినా క్వీన్ అభిమానులు ఎందుకు చల్లారలేదు? ఒక సౌండ్ మనిషి సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ మేనమామగారికి యాభై దాటాయి, క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ అంటే ప్రాణం, దాని సింగర్ ఫ్రెడ్డీ మెర్క్యురీ పాత కచేరీ వీడియో పెడితే ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటారు. ఎప్పుడో 1991లో పోయిన మనిషి కోసం, ఒక్కసారి కూడా ఎదురుగా చూడని మనిషి కోసం ఇంత ఏమిటి, ఇది గొంతు మహిమా, వాళ్ల మీద సినిమా వచ్చాక లేచిన హడావిడా, లేక వయసు మీదపడ్డాక పాత రోజుల మీద పుట్టే బెంగా అని అడిగారు. మూడూ కొంత కొంత ఉన్నాయి, కాదనను. కానీ అసలు కారణం వేరే అని నేననుకుంటాను. క్వీన్ వాళ్లు తమ పాటల్లో జనానికి ఒక పని పెట్టారు. విని ఊరుకునే పాటలు కావు అవి, మనం చేయాల్సింది మనం చేస్తేనే పూర్తయ్యే పాటలు. ఫ్రెడ్డీ పోయినా ఆ పని మిగిలే ఉంది, జనం చేస్తూనే ఉన్నారు.

ఈ మాట ఏ ధైర్యంతో అంటున్నానో చెప్తాను. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా లైవ్ సౌండ్ చేస్తున్నాను, ఆడియో ఫంక్షన్లు, కాలేజీ ఫెస్టులు, మ్యూజికల్ నైట్లు. సౌండ్ మిక్సర్ దగ్గర నిలబడేవాడికి స్టేజీ ఎంత కనిపిస్తుందో జనమూ అంతే కనిపిస్తారు. సింగర్ మైకు జనం వైపు తిప్పి "ఇప్పుడు మీరు" అనగానే ఏమవుతుందో మాకు బాగా అలవాటు. ముందు నాలుగు వరసలు పాడతాయి, మధ్యలోవాళ్లు ఫోన్లు పైకెత్తుతారు, వెనకవాళ్లకి పాట ఎక్కడుందో కూడా తెలీదు. రెండు లైన్లయ్యాక సింగర్ మొహమాటంగా నవ్వేసి మళ్లీ తనే అందుకుంటాడు. తప్పు జనానిది కాదండీ. ఆ పాట కట్టేటప్పుడు జనం అనేవాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు, గమకాలూ సంగతులూ అన్నీ సింగర్ కోసం పెట్టారు, మామూలు గొంతు ఎక్కడ దూరాలో అర్థం కాదు. క్వీన్ పాటలు ఇక్కడే వేరు.

1977 మే నెలలో ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ అనే ఊరి దగ్గర బింగ్లీ హాల్లో వాళ్ల కచేరీ జరిగింది. బ్యాండ్ స్టేజీ దిగి వెళ్లిపోయాక కూడా జనం కదలకుండా, లివర్‌పూల్ ఫుట్‌బాల్ జనం పాడుకునే పాట ఒకటి అందుకుని వాళ్లకి వాళ్లే పాడటం మొదలుపెట్టారు. అప్పట్లో రాక్ కచేరీకి వచ్చినవాళ్లు తల ఊపుతూ వినేవాళ్లే తప్ప బ్యాండుతో పాటు పాడటం పెద్దగా లేదట, పాడితే బ్యాండువాళ్లకి మొదట్లో కొంచెం చిరాకు కూడా వేసేదని గిటారిస్ట్ బ్రయన్ మే చాలాసార్లు చెప్పాడు. ఆ రాత్రి మాత్రం ఆలోచన తిరగబడింది. వీళ్లని ఆపడం ఎందుకు, వీళ్ల కోసమే ఒక పాట రాస్తే పోలా అనుకున్నారు. ఇరుక్కుని నిలబడ్డ జనం చేయగలిగేది ఏముంది, కాళ్లతో నేలని తన్నడం, చప్పట్లు కొట్టడం, అరవడం, అంతే కదా. ఆ మూడింటితోనే 'వియ్ విల్ రాక్ యూ' తయారైంది. అదే ఊపులో ఫ్రెడ్డీ 'వియ్ ఆర్ ద ఛాంపియన్స్' రాశాడు, రాసేటప్పుడు తన మనసులో ఉన్నది ఫుట్‌బాల్ జనమేనని తనే చెప్పాడు. రెండూ ఒకే రికార్డుకి రెండు వైపులుగా ఆ అక్టోబర్‌లో బయటికొచ్చాయి.

ఆ దరువు రికార్డ్ చేసిన తీరు మా వృత్తిలో వాళ్లం ఇప్పటికీ కథలా చెప్పుకుంటాం. లండన్‌లో వెసెక్స్ స్టూడియో, అంతకుముందు అది చర్చి హాలు. అక్కడ దొరికిన పాత చెక్కలు పరిచి, ఉన్న కొద్దిమందీ వాటి మీద కాళ్లతో తొక్కి, చప్పట్లు కొట్టారు. పదిమంది చప్పుడుని వేలమందిలా వినిపించాలంటే మామూలుగా ఎకో పెడతాం, కానీ ఎకో పెడితే గుహలో కొట్టినట్టుంటుందే తప్ప జనంలా ఉండదు. బ్రయన్ మే ఫిజిక్స్ చదివినవాడు, తర్వాత 2007లో ఖగోళ భౌతిక శాస్త్రంలో డాక్టరేట్ కూడా పూర్తి చేశాడు. ఆయన ఏం చేశాడంటే ఆ చప్పుడునే మళ్లీ మళ్లీ కొద్దిపాటి ఆలస్యాలతో కలిపాడు, ఆ ఆలస్యాలు ప్రధాన సంఖ్యల లెక్కలో ఉండేలా చూశాడు. అలా చేస్తే ఏ రెండు ఆలస్యాలూ ఒక వరసలో పడవు, చెవికి ఎకో తగలదు, దగ్గర ఒకడు దూరంగా ఇంకొకడు నిలబడి కొడుతున్నట్టు ఉంటుంది. పాటంతా డ్రమ్ లేదు, బేస్ లేదు. చివర్లో గిటార్ వచ్చేదాకా కాళ్లూ చేతులూ గొంతులే. అంటే రికార్డు విన్న మొదటిరోజే వినేవాడు జనం మధ్యలో నిలబడి ఉన్నాడన్నమాట.

ఇంకో చిన్న సంగతి ఉంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేడియంలో స్టేజీకి వంద మీటర్ల అవతల ఉన్నవాడికి పాట సెకనులో దాదాపు మూడోవంతు ఆలస్యంగా చేరుతుంది, వాడు కొట్టిన చప్పట్లు తిరిగి స్టేజీకి రావడానికి మళ్లీ అంత. అందుకే ఫాస్ట్ బీట్‌కి పెద్ద గ్రౌండ్‌లో చప్పట్లు కొట్టిస్తే అయిదారు సెకన్లలో కిచిడీ అయిపోతుంది, డ్రమ్మర్ కంగారుపడతాడు, మాకు టెన్షన్. 'వియ్ విల్ రాక్ యూ' దరువు చూడండి, రెండు తొక్కుళ్లు, ఒక చప్పట, తర్వాత ఖాళీ. నిమిషానికి ఎనభై దెబ్బల చొప్పున నింపాదిగా పోతుంది. వెనకబడ్డవాళ్లంతా ఆ ఖాళీలో వచ్చి కలుస్తారు, తర్వాతి దెబ్బకి అందరూ మళ్లీ ఒకటే. దీన్ని లెక్కవేసే పెట్టారా, చెవితో పట్టేశారా అన్నది పక్కన పెడితే, సంగీతం రాని మనిషి, తాగి ఉన్న మనిషి, అయిదేళ్ల పిల్లాడు కూడా తప్పు చేయలేని అమరిక అది. తప్పు చేస్తానన్న భయం లేనిచోట మనిషి హాయిగా పాల్గొంటాడు.

గొంతు సంగతి అడిగారు కాబట్టి అదీ చెప్పాలి. ఫ్రెడ్డీ గొంతు మామూలుది కాదు, ఒప్పుకోవాల్సిందే. 2016లో యూరప్‌లో కొందరు పరిశోధకులు అతని రికార్డింగులు తీసుకుని కొలిచి చూశారు. మాట్లాడే గొంతుని బట్టి అతను అసలు బారిటోన్ అయుండొచ్చట, అంటే కొంచెం మంద్రం వైపు గొంతు, పాడింది మాత్రం ఎక్కువగా టెనర్ అనే పై స్థాయిలో. స్వరం మీద వచ్చే కంపనం సెకనుకి ఏడుసార్లకి కాస్త పైనే, శాస్త్రీయంగా శిక్షణ పొందిన గాయకుల కంటే వేగం. పై పళ్ల వరసలో అదనంగా నాలుగు పళ్లుండేవి, పీకిస్తే గొంతు మారిపోతుందేమోనని జీవితాంతం అలాగే ఉంచుకున్నాడు. ఇవన్నీ నిజమే గానీ గొప్ప గొంతులు చాలామందికి ఉన్నాయండీ, అందరికీ ఇలాంటి అభిమానులు లేరు. పైగా లైవ్‌లో ఫ్రెడ్డీ రికార్డులో పాడినంత పైకి చాలాసార్లు వెళ్లేవాడు కాదు, గొంతు తీగల మీద కాయల సమస్య ఉండేది, పై స్వరాలు డ్రమ్మర్ రోజర్ టేలర్ అందుకునేవాడు. అభిమానులకి ఇది బాగా తెలుసు, తెలిసీ ఆ లైవ్ రికార్డింగులనే ఎక్కువ ఇష్టపడతారు. ఆ రికార్డింగుల్లో తమలాంటివాళ్ల గొంతులు కూడా ఉన్నాయి మరి.

'లవ్ ఆఫ్ మై లైఫ్' దీనికి మంచి ఉదాహరణ. 1975 ఆల్బమ్‌లో అది పియానో, హార్ప్, పొరలు పొరలుగా గొంతులు పేర్చిన నాజూకు పాట. దాన్ని అలాగే స్టేజీ మీద వాయించడం కుదరదు, అందుకని బ్రయన్ పన్నెండు తీగల గిటార్, ఫ్రెడ్డీ గొంతు, ఇంతకి కుదించారు. మిగతా ఖాళీ అంతా జనం నింపేశారు. 1981 మార్చిలో బ్రెజిల్‌లో సావోపాలో మొరుంబీ స్టేడియంలో మొదటి రోజు వచ్చినవాళ్లు 1,31,000 మంది. వాళ్ల భాష పోర్చుగీసు. పాట ఇంగ్లీషు. మొదటి లైన్ నుంచి చివరిదాకా వాళ్లే పాడారు, ఫ్రెడ్డీ మధ్యలో పాడటం మానేసి నిలబడ్డాడు. 1985 జనవరిలో రియోలో మళ్లీ ఇదే జరిగింది, ఆ వీడియో దొరుకుతుంది, చూడండి. జనం పాడుతుంటే అతను చేత్తో తాళం వేస్తుంటాడు, మన దగ్గర పాటల మాస్టారు వెనక బెంచీవాళ్లు సరిగ్గా అందుకున్నప్పుడు చేయి ఊపినట్టు. మా సింగర్లు మైకు తిప్పడం చూస్తుంటాను కదా, ఎక్కువమంది తమకి ఊపిరి తీసుకోవడానికి తిప్పుతారు. ఇతను వినడానికి తిప్పాడు.

మన బుర్రకథ చూసినవాళ్లకి ఈ లంకె వెంటనే అర్థమవుతుంది. కథకుడు ఎంత గొప్పవాడైనా అటూ ఇటూ వంత లేకపోతే కథ నడవదు. ఫ్రెడ్డీకి స్టేడియం మొత్తం వంతే. స్టేజీ మీద 'ఏ...ఓ' అని అతను ఆడే ఆట ఉంది చూశారా, అది అరుపు కాదు, పాఠం చెప్పే పద్ధతి. మొదట ఎవరైనా పట్టగలిగే చిన్న ముక్క ఇస్తాడు. జనం అప్పజెప్పాక కొంచెం పొడుగుది. తర్వాత ఒక మెలిక. అందులో జనం తడబడతారని తెలుసు, తడబడ్డాక అందరూ నవ్వుతారు, వెంటనే మళ్లీ తేలికది ఇచ్చి గెలిపిస్తాడు. 1985 జూలై 13న లండన్ వెంబ్లీలో లైవ్ ఎయిడ్ రోజున కూడా ఇదే చేశాడు. ఇథియోపియా కరువు సాయం కోసం పెట్టిన కచేరీ అది, 72,000 మంది జనం, బోలెడు బ్యాండ్లు. క్వీన్ కోసం కొన్న టికెట్లు కావు అవి. ఒక్కో బ్యాండుకీ ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలకి అటూ ఇటూ. వీళ్లు ముందుగా లండన్‌లోనే షా థియేటర్‌లో కూర్చుని ఆ ఇరవై నిమిషాలకి పాటలు కత్తిరించి రిహార్సల్ చేసుకుని వచ్చారు. 'రేడియో గాగా'కి ఆ జనమంతా తలల పైన ఒక్కసారిగా రెండు చప్పట్లు కొట్టిన దృశ్యం మీరూ చూసే ఉంటారు.

ఆ చప్పట్లు ఎక్కడివో చాలామందికి తెలియని సంగతి. 1983 నవంబర్‌లో ఆ పాట వీడియో తీసేటప్పుడు గుంపు కావాల్సి వచ్చింది. షెపర్టన్ స్టూడియోకి తమ ఫ్యాన్ క్లబ్ సభ్యుల్నే పిలిపించారు, దాదాపు అయిదు వందల మందిని, తెల్ల బట్టలు వేసి నిలబెట్టారు. ఆ రెండు చప్పట్లు కొట్టింది వాళ్లు. వీడియో 1984లో ఇంటింటికీ టీవీల్లో వెళ్లింది, ఏడాదిన్నర తర్వాత వెంబ్లీలో 72,000 మందికి ఎవరూ చెప్పకుండానే అది వచ్చేసింది. అంటే లైవ్ ఎయిడ్‌లో అందరూ మెచ్చుకునే ఆ క్షణంలో సగం ఫ్యాన్ క్లబ్ వాళ్ల పనే. 1986లో ఇంకో పాట వీడియోకి కూడా వాళ్లనే పిలిచారు. ఈ ఫ్యాన్ క్లబ్ డెబ్భైలలో మొదలై ఇప్పటిదాకా ఆగకుండా నడుస్తోంది, రాక్ బ్యాండ్లలో ఎక్కువ కాలం నడిచిన అభిమాన సంఘంగా గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. మన హీరోల అభిమాన సంఘాల్లా కటౌట్లు, పాలాభిషేకాలు ఉండవు. ఏటా ఒకచోట చేరి పాడుకుంటారు, అంతే.

బుడాపెస్ట్ కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1986 జూలై 27, హంగరీ అప్పటికింకా కమ్యూనిస్టు దేశం, పెద్ద పాశ్చాత్య బ్యాండ్ స్టేడియంలో వాయించడమే వాళ్లకి వింత. ఫ్రెడ్డీ అక్కడి పాత జానపదం ఒకటి పాడాడు. మాటలు నోటికి రాలేదు, అరచేతిలో రాసుకున్నాడు, పాడుతూ మధ్యమధ్యలో చేయి చూసుకోవడం వీడియోలో కనిపిస్తుంది, దాచుకోలేదు కూడా. జనం ఊగిపోయారు. పరీక్షలో స్లిప్పు చూసే పిల్లాడిలా ఉన్నా ఆ పాటతో వాళ్లకి ఒక మాట చెప్పాడు, ఇప్పటిదాకా మీరు నా భాషలో పాడారు, ఒక్క పాటకి నేను మీ భాషలో వంత పాడతాను అని. హంగరీలో ఆ తరంవాళ్లు దాన్ని మర్చిపోతారా?

పత్రికలు క్వీన్‌ని మొదట్నుంచీ ఈసడించాయి, అది కూడా ఈ అభిమానానికి ఎరువే. 1977లో లండన్‌లోని ఒక పేరున్న సంగీత పత్రిక ఫ్రెడ్డీ ఇంటర్వ్యూ వేసి, ఈ మనిషి మూర్ఖుడా అనే అర్థం వచ్చేలా హెడ్డింగ్ పెట్టింది. మీసాలు, టైట్ బట్టలు, ఒపెరా పిచ్చి, అన్నీ ఎగతాళే. తిట్లు తిన్న బ్యాండుకి అభిమానిగా ఉండటంలో ఒక పౌరుషం ఉంటుంది, మనవాణ్ని బయటివాళ్లు అంటే మనకి మండుతుంది కదా, అలా గట్టిపడ్డారు. అలాగని భజనపరులు అనుకోకండి. 1982లో డిస్కో వైపు తిరిగి చేసిన ఆల్బమ్‌ని పాత అభిమానులు ఇప్పటికీ తిడతారు. 1984లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష సాగుతుండగా సన్ సిటీకి వెళ్లి వాయించడం తప్పున్నర, బ్రిటన్‌లో మ్యుజీషియన్స్ యూనియన్ జరిమానా వేసింది, అభిమానుల్లో చాలామంది దాన్ని వెనకేసుకు రారు. తిట్టే హక్కుంది అనుకునేవాళ్లే నిజంగా తమది అనుకుంటారు.

మనవాళ్లు పదేపదే లేవనెత్తే ఇంకో మాట, ఫ్రెడ్డీ ఇండియన్ అని. నిజం కొంత ఉంది. అసలు పేరు ఫరోఖ్ బల్సారా, 1946 సెప్టెంబర్ 5న తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో పార్సీ కుటుంబంలో పుట్టాడు, ఎనిమిదేళ్లకి మహారాష్ట్రలో పంచగనిలోని సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూల్లో వేశారు, అక్కడే పియానో, అక్కడే హెక్టిక్స్ అనే స్కూల్ బ్యాండ్. 1964లో జాంజిబార్ విప్లవం వచ్చాక కుటుంబం లండన్ శివారు ఫెల్తమ్‌కి చేరింది. ఇంతవరకు సరే. కానీ బతికుండగా తను ఆ గతం గురించి మాట్లాడింది చాలా తక్కువ, క్వీన్ ఎప్పుడూ ఫ్రెడ్డీతో మన దేశంలో కచేరీ చేయలేదు. పుట్టిన జాంజిబార్‌లో 2006లో అరవయ్యో పుట్టినరోజు వేడుక పెట్టబోతే అక్కడి మతసంస్థ అభ్యంతరంతో ఆపేశారు, 2019లో అదే ఊళ్లో మ్యూజియం తెరిచారు. మనవాడు అని చెప్పుకుంటే తప్పు లేదు, అది చెప్పి మన దగ్గర ఫార్వర్డులు తిప్పడం తప్ప పాట వినకపోతే మాత్రం ఏం లాభం.

1991 నవంబర్ 23న తనకి ఎయిడ్స్ ఉందని ప్రకటన ఇచ్చాడు. మర్నాడే పోయాడు. నలభై అయిదేళ్లు. అభిమానులకి దుఃఖపడటానికి, కోపం తెచ్చుకోవడానికి ఒక్క రోజు కూడా దొరకలేదు. అస్థికలు ఎక్కడ ఉంచారో బయటికి చెప్పలేదు, అంటే వెళ్లి పువ్వులు పెట్టడానికి సమాధి కూడా లేదు. దాంతో లండన్ కెన్సింగ్టన్‌లో అతని ఇల్లు గార్డెన్ లాడ్జ్ చుట్టూ ఉన్న గోడా తలుపే సమాధి అయ్యాయి. జపాన్ నుంచి, బ్రెజిల్ నుంచి, ఇటలీ నుంచి వచ్చినవాళ్లు ఆ గోడ మీద పెన్నుతో, మార్కర్‌తో రాసి వెళ్లేవాళ్లు. విగ్రహానికి లండన్‌లో చోటు దొరకలేదు, చివరికి 1996లో స్విట్జర్లాండ్ మాంత్రో ఊళ్లో, బ్యాండ్ స్టూడియో ఉన్నచోట, సరస్సు ఒడ్డున పెట్టారు.

ఆ తలుపు గురించి ఒక్క నిమిషం. ఆకుపచ్చ రంగు తోట తలుపు, దాని మీద అభిమానుల రాతలు ఒకదాని మీద ఒకటి. 2023 సెప్టెంబర్‌లో సోథెబీస్ వాళ్లు ఫ్రెడ్డీ వస్తువులు వేలం వేసినప్పుడు దాన్నీ పెట్టారు. 4,12,750 పౌండ్లకి పోయింది, వేసుకున్న అంచనాకి ఎన్నో రెట్లు. 'బొహీమియన్ రాప్సడీ' పాట కట్టిన పియానో 17 లక్షల పౌండ్లు దాటింది, అది ఫ్రెడ్డీ వేళ్లు తగిలిన వస్తువు, అర్థం చేసుకోవచ్చు. తలుపు మీద ఉన్నది ఫ్రెడ్డీ చేతిరాత కాదుగా! ఊరూ పేరూ తెలియని వాళ్లు రాసిన 'లవ్ యూ'లకి అంత ధర పలికిందంటే అభిమానమే ఒక వస్తువై వేలానికొచ్చిందన్నమాట. నాకైతే అది ఒకరి ఇంట్లోకి వెళ్లిపోవడం కొంచెం బాధే, అందరూ చూసేచోట ఉండాల్సింది.

దుఃఖాన్ని పనిలోకి మళ్లించడం కూడా ఈ అభిమానుల్లో చూస్తాం. 1991 డిసెంబర్‌లో 'బొహీమియన్ రాప్సడీ' మళ్లీ విడుదల చేసి ఆ డబ్బు బ్రిటన్‌లోని ఎయిడ్స్ సేవా సంస్థకి ఇచ్చారు, జనం కొని దాన్ని రెండోసారి నంబర్ వన్ చేశారు. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో స్మారక కచేరీ, దాన్నుంచి ఎయిడ్స్ మీద పనిచేసే మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్ట్. ఇప్పటికీ ఫ్రెడ్డీ పుట్టినరోజు సెప్టెంబర్ 5న మీసం అతికించుకుని ఆఫీసుకెళ్లి చందా పోగుచేసే మామూలు ఉద్యోగులున్నారు. ఎయిడ్స్ పేరెత్తితే జనం మొహం తిప్పుకునే రోజుల్లో చాలా ఇళ్లల్లో ఆ మాట మొదటిసారి ఫ్రెడ్డీ వల్లే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు అభిమానులు కొట్టుకునే విషయం, ఫ్రెడ్డీ చోట పాడే సింగర్ ఆడమ్ లాంబర్ట్. బేసిస్ట్ జాన్ డీకన్ 1997 తర్వాత తప్పుకున్నాడు. బ్రయన్, రోజర్ ఇద్దరూ మొదట పాల్ రాడ్జర్స్ అనే సింగర్‌తో, తర్వాత లాంబర్ట్‌తో క్వీన్ పేరు మీదే టూర్లు చేస్తూ వచ్చారు. ఫ్రెడ్డీ లేని క్వీన్ ఏమిటని ఒక వర్గం, పాటలు బతకాలి కదా అని ఇంకో వర్గం. నేను రెండోవైపు, కారణం వృత్తిపరమైనది. ఆ కచేరీల్లో 'లవ్ ఆఫ్ మై లైఫ్' వచ్చినప్పుడు లాంబర్ట్ పాడడు. బ్రయన్ ఒక్కడే గిటార్ పట్టుకుని కూర్చుంటాడు, జనం పాడతారు, చివర్లో తెర మీద ఫ్రెడ్డీ వచ్చి ఆఖరి ముక్క అందుకుంటాడు. బ్యాండులో పోయినవాడి చోటు ఎవరికివ్వాలో వాళ్లకి సరిగ్గా తెలుసనిపించింది నాకు. లాంబర్ట్ కూడా తను ఫ్రెడ్డీ కాదని స్టేజీ మీదే చెప్తాడు, అనుకరించడు.

సినిమా హడావిడి అన్నారు. ఫ్రెడ్డీ కథతో వచ్చిన 2018 సినిమా 'బొహీమియన్ రాప్సడీ' కోట్లమందిని కొత్తగా తెచ్చింది, నిజం. అందులో కాలం లెక్కలు తప్పులు, లైవ్ ఎయిడ్‌కి ముందే జబ్బు సంగతి బ్యాండుకి చెప్పినట్టు చూపించారు, నిర్ధారణ అయింది 1987లో. బ్యాండు విడిపోయి లైవ్ ఎయిడ్‌కి కలిసినట్టు చూపించారు, నిజానికి లైవ్ ఎయిడ్ జరిగిన 1985లోనే మే దాకా టూర్‌లో ఉన్నారు. పాత అభిమానులు వీటి మీద గొణుగుతారు, గొణగనివ్వండి. కానీ కొరియాలో ఆ సినిమాకి థియేటర్లో నిలబడి పాడే షోలు ప్రత్యేకంగా వేశారు. పాత మందు కొత్తవాళ్ల మీద కూడా పనిచేస్తోంది. సినిమాకి ముందు కూడా పనిచేసింది. 2017 జూలై 1న లండన్ హైడ్ పార్క్‌లో గ్రీన్ డే అనే రాక్ బ్యాండ్ కచేరీకి 65,000 మంది వచ్చారు, బ్యాండు ఇంకా రాలేదు, స్టేజీ మీద ఎవరూ లేరు. స్పీకర్లలో కాలక్షేపానికి 'బొహీమియన్ రాప్సడీ' వేశారు. ఆరు నిమిషాలు, ఒపెరా ముక్కతో సహా, మొత్తం జనం పాడారు, గిటార్ వచ్చినచోట ఎగిరారు. ఖాళీ స్టేజీ ముందు. అక్కడున్నవాళ్లలో చాలామంది ఫ్రెడ్డీ పోయాక పుట్టినవాళ్లే, వాళ్లది పాత రోజుల బెంగ అనడానికి వీల్లేదు. మా సౌండ్ వాళ్లు ఆ వీడియో చూసి తలలు పట్టుకుంటారు, ఎంత పెద్ద సింగర్ వచ్చినా మేం రాబట్టలేని రెస్పాన్స్ ఒక సీడీ రాబట్టింది.

మీ మేనమామగారితో కూర్చుని వినాలనుకుంటే ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. 'వియ్ విల్ రాక్ యూ' మంచి హెడ్‌ఫోన్స్‌లో పెట్టి, ఆ తొక్కుళ్లు ఎడమా కుడీ దగ్గరా దూరం ఎలా పరుచుకున్నాయో వినండి, ఫోన్లో అయితే అది ఒక్క డబ్బా చప్పుడు. తర్వాత రియో 1985 'లవ్ ఆఫ్ మై లైఫ్', తర్వాత లైవ్ ఎయిడ్ మొత్తం ఆపకుండా, బుడాపెస్ట్ ఆఖర్న. టీవీకి బయటి స్పీకర్లుంటే వాల్యూమ్ పక్కింటివాళ్లు తలుపు కొట్టే వరకు పెంచొచ్చు. 'రేడియో గాగా'కి చప్పట్లు రెండు, ఒకటి కాదు, చేతులు తలపైన పూర్తిగా చాపి కొట్టాలి. గదిలో కప్పు ఎత్తు తక్కువైతే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి.